పైన మట్టి కప్పితే చెత్త పోయినట్టేనా?

ప్రశ్న: మా ఇళ్ల పక్కన ఒక పల్లపు స్థలం ఉంది. వానలప్పుడు నీళ్లు నిలవడం తప్ప దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. చెత్తతోనూ, కూల్చిన ఇళ్ల శిథిలాలతోనూ దాన్ని నింపి, పైన మట్టి పోసి చదును చేస్తే చెత్త బెడద తీరుతుంది, స్థలమూ పనికొస్తుంది అంటున్నారు. ఇందులో తప్పేమైనా ఉందా?

జవాబు: నీళ్లు నిలవడమే ఆ స్థలం వల్ల మీకున్న ఉపయోగం. చుట్టుపక్కల నుంచి పారివచ్చిన వాన అక్కడ ఆగి, మెల్లగా ఇంకి, భూగర్భజలాల్లో కలుస్తోంది. పల్లాన్ని పూడ్చినంత మాత్రాన కురిసే వాన తగ్గదు కనుక, ఇన్నాళ్లూ అక్కడ ఆగిన నీరు మరో పల్లాన్ని వెతుక్కుంటూ పోతుంది. చాలాసార్లు ఆ పల్లం ఎవరో ఒకరి ఇల్లే అవుతుంది.

ఇక పూడ్చిన చెత్త సంగతి. తడి చెత్త గాలి తగలకుండా కుళ్లేటప్పుడు మొదట ఆమ్లాలు పుడతాయి. పైనుంచి ఇంకే వాననీరు ఈ ఆమ్లాలతో కలిసి పొరపొరగా కిందికి దిగుతూ, పాత బ్యాటరీల్లోని సీసం, కాడ్మియం అనే విషలోహాలనూ, రంగు డబ్బాల అడుగున మిగిలిపోయిన ద్రావకాలనూ, కుళ్లులోంచి వచ్చే అమ్మోనియానూ తనలో కలుపుకుని, చివరికి ముక్కు బద్దలయ్యే వాసనతో నల్లటి ద్రవంగా ఊరుతుంది. శాస్త్రీయంగా కట్టిన పూడిక స్థలంలో ఈ ద్రవం నేలలోకి దిగకుండా అడుగున బంకమట్టి పొర, దానిపై మందమైన ప్లాస్టిక్ పొర పరుస్తారు. ఊరిన దాన్ని గొట్టాల ద్వారా బయటికి తోడి శుద్ధి చేస్తారు. మామూలు పల్లంలో ఇవేవీ ఉండవు. పైగా పల్లాల్లో భూగర్భజలం పైకే ఉంటుంది కాబట్టి, చెత్తను అక్కడ వేయడమంటే తాగేనీటికి అతి దగ్గరగా వేయడమే.

కుళ్లు ముదిరాక మీథేన్ వాయువు వెలువడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే వాతావరణాన్ని వేడెక్కించడంలో ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు శక్తిమంతమైనది. నేల పగుళ్ల గుండా మూసి ఉన్న గదుల్లోకి చేరి, గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య పోగైనప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది కూడా. చెత్త కుళ్లేకొద్దీ నేల ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది కాబట్టి చదును చేసిన ఆ స్థలం ఇల్లు కట్టడానికీ పనికిరాదు.

మట్టి కప్పి మరచిపోతే ఏమవుతుందో అమెరికాలో నయాగరా ఫాల్స్ నగరంలోని లవ్ కెనాల్ ప్రాంతం చూపించింది. తవ్వకం మధ్యలో ఆగిపోయిన ఒక కాలువలో 1940లలో ఒక రసాయన సంస్థ వ్యర్థాలు పూడ్చడం మొదలుపెట్టి, సుమారు 21,000 టన్నులు నింపాక, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక పాఠశాల బోర్డుకు రాసిచ్చింది. అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1970లలో భారీ వర్షాల తర్వాత ఆ రసాయనాలు పెరళ్లలోకి, ఇళ్ల నేలమాళిగల్లోకి ఊరాయి. 1978 ఆగస్టులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వందల కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లాయి. మీరు చెప్పేది ఇళ్ల చెత్తే కాబట్టి అందులో అంత విషం ఉండదు, నిజమే. కానీ పైన పోసిన మట్టి చెత్తను కంటికి కనబడకుండా చేస్తుందే తప్ప, ఊరే ద్రవాన్ని ఆపలేదన్నది రెండు చోట్లా ఒకటే. ఆ మట్టినైనా ఇంకెక్కడో నేలను గీకి తేవాలి కదా! ఒక్క సెంటీమీటరు సారవంతమైన పైమట్టి ఏర్పడడానికి వందల ఏళ్లు పట్టవచ్చు.

ప్రశ్న: పూడ్చే బదులు తగలబెడితే నయం కదా?

జవాబు: కాదు. ఆరుబయట పొగలు కక్కుతూ కాలే మంటకు చాలినంత వేడి ఉండదు. అందులో పీవీసీ వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ పడితే డయాక్సిన్లు అనే విష రసాయనాలు పుడతాయి. అవి గడ్డి మీద వాలి, దాన్ని మేసిన పశువుల కొవ్వులో, పాలల్లో చేరి, అక్కడి నుంచి మనకు వస్తాయి. సీసం వంటి లోహాలు కాలి మాయం కావు. కొంత పొగతో పోయి, మిగతాది బూడిదలో ఉంటుంది.

ప్రశ్న: మా దగ్గర ఇప్పటికే సగం పూడ్చేశారు. పక్కనున్న బోరు నీళ్లు రంగు మారి వాసన వస్తున్నాయి. కాచి తాగితే సరిపోతుందా?

జవాబు: దయచేసి తాగకండి, వంటకూ వాడకండి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ లోహాలు, నైట్రేట్లు పోవు. నీరు ఆవిరైన మేరకు వాటి గాఢత ఇంకా పెరుగుతుంది. నైట్రేట్, అమ్మోనియా, క్లోరైడ్, సీసం, కాడ్మియం పేర్లు రాసిచ్చి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి, ఎందుకంటే మామూలు పరీక్షల్లో లోహాలను సాధారణంగా చూడరు. వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి చేయిస్తే తేడా తెలుస్తుంది.

కొత్త చెత్త వేయడం వెంటనే ఆపించాలి. ఎగువ నుంచి పారివచ్చే వాననీరు చెత్తలోకి దిగకుండా చుట్టూ కాలువ తీయించాలి. పాత చెత్తను తవ్వి, జల్లించి, మట్టినీ ప్లాస్టిక్‌నూ రాళ్లనూ వేరుచేసే బయోమైనింగ్ పద్ధతి ఉంది. అలా జల్లించగా వచ్చిన మట్టిలో లోహాలు మిగిలి ఉండవచ్చు కనుక, పరీక్షించకుండా పంట పొలాలకు తోలనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా ఇళ్లలోనే తడి చెత్తను వేరుచేసి ఎరువుగా మార్చే ఏర్పాటు జరగాలి. ఆమ్లాలకూ మీథేన్‌కూ మూలం ఆ తడి చెత్తే. తవ్వకం పూర్తయ్యాక అడుగు మట్టినీ పరీక్ష చేయించి, ఆ స్థలాన్ని మళ్లీ పూడ్చకుండా వాననీటికే వదిలేయమని అధికారులను రాతపూర్వకంగా కోరండి.