లిలిఉ అంటే కలువ కాదు

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి చదివాను. హొనొలులు హోటల్లో ఆ పనిమనిషి పడకల మీద దుప్పట్లు మార్చే దృశ్యం నచ్చింది. కానీ రెండో పేజీలోనే ఆమెకు లిలిఉ అని పేరు పెట్టి, పక్కన కుండలీకరణాల్లో ‘కలువ’ అని రాశావు. అక్కడ నా ఓపిక నశించింది. ఇంగ్లీషు లిల్లీని చూసి ఊహించి ఉంటావు.

హవాయి భాషలో లిలిఉ అంటే భగభగ మండడం. హవాయి చివరి రాణి 1838లో పుట్టినప్పుడు, ఆ రాజ్యానికి ప్రధానిగా ఉన్న కీనఉ కళ్ల జబ్బుతో బాధపడుతోంది. తన బాధనంతా బిడ్డ పేరులో పెట్టింది. లిలిఉ మంట, లోలోకు కన్నీరు, వలనియ దహించే నొప్పి, కమకఎహ నొప్పెట్టే కన్ను. 1877లో వారసురాలిగా ప్రకటించినప్పుడు అన్నగారు ఆ పేరును లిలిఉఒకలని అని మార్చాడు. మార్చినా మంట మాత్రం అందులోనే ఉండిపోయింది. 1893లో ఆమెను గద్దె దించారు. ఇంత కథ ఉన్న పేరును తీసుకెళ్లి కొలనులో పువ్వుగా తేల్చావు!

ఆ దీవుల్లో పేరు ఊరికే పుట్టదు. కలలో వచ్చిన పేరును ఇనొఅ పో అంటారు. ఒక మనిషి పేరును కీర్తిస్తూ కట్టిన పాట మెలె ఇనొఅ. దుష్టశక్తుల కన్ను పడకుండా బిడ్డకు అసహ్యమైన పేరు పెట్టే ఆచారమూ అక్కడ ఉండేది. ఇది మనకు కొత్తా? నా తొలి కథలో నాయిక పెంటమ్మ. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టిందని తల్లి ఆమెను పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంది. ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకులకు రోత కలుగుతుందని, నాకు చెప్పకుండా ఆమెను పద్మ చేశాడు. పెంటకుప్ప మాత్రం అలాగే ఉంచాడు. పద్మను కుప్ప మీద ఎందుకు పడుకోబెట్టారని ఉత్తరాలు వచ్చాయి. నలభై ఏళ్లయినా ఆ కోపం నాకు చల్లారలేదు.

నీ కథలో నాయనమ్మ 1940లో పుట్టిందన్నావు. ఆమెకు ఒక్క హవాయి పేరే ఎలా ఉంది? 1860 నాటి చట్టం పిల్లలకు క్రైస్తవ పేరు ఉండి తీరాలంది. 1967లో గానీ అది రద్దు కాలేదు. ఆ తరం వాళ్లకు మొదట ఇంగ్లీషు పేరు, దాని వెనక హవాయి పేరు. నాయనమ్మను బడిలో ఒక పేరుతో, ఇంట్లో ఇంకో పేరుతో పిలిచి ఉంటారు. 1896 చట్టం తర్వాత ఆ రోజుల్లో బడిలో చదువంతా ఇంగ్లీషులోనే సాగేది. నువ్వు వెతుకుతున్న కథ అక్కడ ఉంది, సముద్రతీరంలో లేదు.

ఇక అక్షరాలు. నువ్వు అన్నిచోట్లా ‘పావు’ అని రాశావు. మన పాఠకుడికి అది పావుకిలో. అక్కడ పౌ అంటే అయిపోయింది, పఉ అంటే మసి, పాఊ అంటే ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే బట్ట. గొంతు ఒక్క క్షణం ఆగడం, అచ్చు సాగడం, వీటితోనే అర్థం మారిపోతుంది. ఇంగ్లీషు వాళ్లు దానికోసం అదనపు గుర్తులు పెట్టుకోవాలి. మనకు దీర్ఘం అక్షరంలోనే ఉంది, విడిగా నిలబడే అచ్చూ ఉంది. వాళ్ల మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. ఇంత దగ్గరి లిపి చేతిలో ఉండి ఇంగ్లీషు స్పెల్లింగును చూసి రాయడమెందుకు?

కుండలీకరణాలన్నీ కొట్టేశాను. పక్కనే అర్థం అందించడం ఇప్పుడొక ఫ్యాషన్ అయింది, పత్రికలూ అడుగుతున్నాయి. ఇవ్వకు. హవాయిలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఒకసారి బస్సు దిగి దారి అడిగాను. అక్కడి ముసలావిడ తూర్పు, పడమర అనలేదు. “మౌక వైపు రెండు వీధులు” అంటూ గడ్డం ఎత్తి కొండను చూపింది. మౌక అంటే కొండ వైపని ఇంకెవరూ నాకు చెప్పనక్కరలేకపోయింది. నీ పనిమనిషి చేత కూడా గడ్డం ఎత్తించు, చాలు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆమెకు పేరు పెట్టింది ఎవరో, ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికి ఏం నొప్పెట్టిందో రాసి నాకు పంపు. దుప్పట్ల దృశ్యంలో ఒక్క మాట కూడా మార్చకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు