యాప్‌లోని వెబ్ పేజీ: అక్షరాల సైజుపై మీ సందేహాలు

ప్రశ్న: మా యాప్‌లో వ్యాసాలను వెబ్‌వ్యూలో (యాప్ లోపలే వెబ్ పేజీ చూపే భాగం) చూపిస్తున్నాం. రెండు ఫోన్లకూ అదే హెచ్‌టీఎంఎల్. ఐఫోన్‌లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఎక్కువ ఫోన్లలో బాగానే ఉన్నా, కొన్నింటిలో ఉబ్బిపోయి బటన్లలో సగం తెగిపోతున్నాయి. సీఎస్‌ఎస్‌లో సైజు మారిస్తే ఒకచోట కుదిరి మరోచోట చెడుతోంది.

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకే మందుతో పోవు.

ఐఫోన్ సంగతి ముందు. మీ హెచ్‌టీఎంఎల్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఎంత వెడల్పున పరచాలో చెప్పే వరుస) లేనట్టుంది. అది లేకపోతే ఐఫోన్ వెబ్‌వ్యూ అయిన డబ్ల్యూకేవెబ్‌వ్యూ పేజీని 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, తెరకు పట్టేలా కుదిస్తుంది. 390 పాయింట్ల తెరపై 16 పిక్సెళ్ల అక్షరం ఆరున్నర పాయింట్ల కన్నా చిన్నదైపోతుంది. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో వైడ్ వ్యూపోర్ట్ (ఇలా వెడల్పుగా పరిచే సెట్టింగ్) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ లోపం బయటపడలేదు. హెడ్‌లో 'విడ్త్=డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్=1' అని పెట్టండి. దాంతోపాటు హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కు వెబ్‌కిట్ టెక్స్ట్-సైజ్-అడ్జస్ట్ 100% ఇవ్వండి. లేదంటే ఐఫోన్‌ను అడ్డంగా తిప్పినప్పుడు పేరాలు వాటంతట అవే పెద్దవవుతాయి.

ఇక ఆండ్రాయిడ్. వెబ్‌వ్యూ తయారయ్యేటప్పుడే ఫోన్ సెట్టింగ్స్‌లోని ఫాంట్ సైజును తన టెక్స్ట్‌జూమ్‌లోకి (అక్షరాలను ఎంత శాతం పెంచాలో చెప్పే సెట్టింగ్) తీసుకుంటుంది. ఫాంట్ స్కేల్ 1.3 ఉంటే టెక్స్ట్‌జూమ్ 130తో మొదలవుతుంది. పిక్సెళ్లలో రాసిన అక్షరాలు కూడా పెరుగుతాయి. 40 పిక్సెళ్లని మీరు బిగించిన బటన్ ఎత్తు మాత్రం పెరగదు. తెగేది అందుకే. టెక్స్ట్‌జూమ్‌ను 100కు కట్టేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. సరిపోదు: చూపు సరిగా ఆనక సైజు పెంచుకున్నవాళ్లే దానికి బలవుతారు. హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు) పెట్టండి, ప్యాడింగ్ ఈఎమ్‌లలో (అక్షరం సైజును బట్టి మారే కొలత), లైన్-హైట్ (వరుస ఎత్తు) యూనిట్ లేకుండా 1.6 ప్రాంతంలో ఇవ్వండి. లైన్-హైట్ పిక్సెళ్లలో ఉంటే తెలుగు లిపికి ఇంకో బాధ: కింది వరుస వచ్చి వత్తుల మీద కూర్చోవచ్చు.

ప్రశ్న: యాప్‌లోనే సైజు మార్చే స్లైడర్ ఇవ్వాలి. ఎలా?

జవాబు: ఆండ్రాయిడ్‌లో స్లైడర్ విలువను సిస్టమ్ ఫాంట్ స్కేల్‌తో గుణించి టెక్స్ట్‌జూమ్‌కు ఇవ్వండి. స్లైడర్ 120, స్కేల్ 1.3 అయితే 156. ఐఫోన్ ఐఓఎస్‌లో టెక్స్ట్‌జూమ్ లేదు. ఐఓఎస్ 14 నుంచి పేజ్‌జూమ్ ఉంది కానీ అది బొమ్మలనూ పెంచుతుంది. వ్యాసాలకు అది నప్పదు. హెచ్‌టీఎంఎల్ ఎలిమెంట్‌కు ఫాంట్‌గా 'యాపిల్-సిస్టమ్-బాడీ' ఇచ్చి, బాడీకి మీ ఫాంట్-ఫ్యామిలీ, స్లైడర్ శాతం ఇచ్చి, లోపలి సైజులన్నీ ఈఎమ్‌లలో రాయండి. అప్పుడు ఫోన్ సెట్టింగ్ కూడా దానికి కలుస్తుంది. ఒక్కటి చూసుకోండి: అక్కడ మామూలు సైజు 16 కాదు, 17. పేజీ తెరిచి ఉండగా సెట్టింగ్ మార్చితే రీలోడ్ చేయడం మేలు.

ఈ మార్పును పేజీ లోడయ్యాక జావాస్క్రిప్ట్‌తో చేస్తే అక్షరాలు ముందు ఒక సైజులో కనబడి తర్వాత గెంతుతాయి, చదువుతున్న వరుస జారిపోతుంది. శాతాన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే రాసి పంపడం అన్నిటికన్నా శుభ్రం.

ప్రశ్న: పేజీలో వేరే సైట్ ఐఫ్రేమ్ (పేజీ లోపల ఇంకో పేజీ చూపే పెట్టె) ఉంది. మా సీఎస్‌ఎస్ దానికి అంటడం లేదు.

జవాబు: అంటదు. వేరే సైట్ ఫ్రేమ్‌లోకి బయటి పేజీ చేయి పెట్టకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. దారి యాప్ వైపునుంచే ఉంది: ఆ సీఎస్‌ఎస్‌ను స్క్రిప్ట్‌తో ఫ్రేమ్‌లోకి పంపాలి. ఐఓఎస్‌లో యూజర్ స్క్రిప్ట్‌కు (పేజీలోకి యాప్ చొప్పించే స్క్రిప్ట్) 'ఫర్ మెయిన్ ఫ్రేమ్ ఓన్లీ'ని ఫాల్స్ చేయండి, ఆండ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్‌ఎక్స్ వెబ్‌కిట్‌లోని 'యాడ్ డాక్యుమెంట్ స్టార్ట్ జావాస్క్రిప్ట్' వాడండి. ఆండ్రాయిడ్‌లోని 'ఇవాల్యుయేట్ జావాస్క్రిప్ట్' ప్రధాన ఫ్రేమ్ దాటి వెళ్లదు.

ప్రశ్న: లోడ్‌డేటాతో (హెచ్‌టీఎంఎల్‌ను నేరుగా వెబ్‌వ్యూకు అందించే పద్ధతి) ఇచ్చిన పేజీ ఆండ్రాయిడ్‌లో సగంలో ఆగిపోతోంది.

జవాబు: రంగుల కోడ్ ముందున్న హ్యాష్ గుర్తును చూడండి. లోడ్‌డేటా దాన్ని చిరునామాలో భాగం అనుకుని మిగతాదంతా వదిలేస్తుంది. 'లోడ్ డేటా విత్ బేస్ యూఆర్‌ఎల్'కు మారండి.