శతకం మొదలుపెడుతున్న అమ్మడికి

అమ్మడూ,

నువ్వు శతకం రాయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే సంతోషంతో కాసేపు నోట మాట రాలేదు. ఆ వెంటనే భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

గురులఘువులు నీకు వచ్చు. గణాల్ని గుర్తుపెట్టుకునే ‘యమాతారాజభానసలగం’ సూత్రం వారంలో నోటికొస్తుంది. ముందు ఆటవెలదో తేటగీతో రాయి, వాటికి ప్రాస నియమం లేదు, అంటే పాదాలన్నిట్లో రెండో అక్షరం ఒకటే కానక్కర్లేదు. ఉత్పలమాల లాంటి వృత్తాల జోలికి తర్వాత వెళ్దువుగాని.

ఛందస్సు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? కప్పుతాయి కాబట్టి ఛందస్సులు అన్నాడు యాస్కుడు, వేదంలోని మాటల పుట్టుక చెప్పే తన నిరుక్తంలో: ‘ఛందాంసి ఛాదనాత్’. ఛాందోగ్యోపనిషత్తులో దేవతలు మృత్యువుకి భయపడి వేదాల్లో దూరి, ఛందస్సుల్నే కప్పుకున్నారు. ఆహ్లాదపరచడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిందనే వాళ్ళూ ఉన్నారు. ‘స్వచ్ఛందంగా’ అంటామే, అందులోని ఛందం అంటే ఇష్టం. నాకు ఈ అర్థమే ఇష్టం. కప్పడం అనగానే నా పాత ఉత్పలమాల ఒకటి గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది.

మీ నానమ్మ పెద్దకర్మ నాటికి రాశానది. ‘తల్లికి’ అని ఎత్తుకున్నాను. ఉత్పలమాల పాదం మొదట రావాల్సిన భగణం, అంటే ఒక గురువూ రెండు లఘువులూ, కుదిరింది. ఇక నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘ల్ల’ కావాలి. రెండో పాదానికి ‘మల్లెలు’ దొరికింది, అదీ భగణమే. పదో అక్షరం పాదం మొదటి అక్షరంతో కలిసి యతీ పడింది. ఇంకేం, అమ్మ జడలో మల్లెలు పెట్టేశాను. అందరి ముందూ రాగం తీసి చదివాను. అంతా బాగుందన్నారు. మీ పెద్దత్త మాత్రం నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది: “అమ్మ మల్లెలు ఎప్పుడు పెట్టుకుందిరా? ఆ వాసనకి తలనొప్పి కదా దానికి.”

ఒక్క గణం తప్పలేదు. కానీ పద్యంలో మా అమ్మ లేదు. ప్రాస కప్పేసి ఆమెను కనపడకుండా చేశాను. కవ్వం తాడు లాగి లాగి కాయలు కాచిన ఆమె చేతులు రాయాల్సింది. ‘చేతులు’ కూడా భగణమే, అమ్మడూ! ఎత్తుగడ మారిస్తే ప్రాస ‘త’ అయ్యేది, అంతే. ఆ రాత్రి నాకా సంగతి తట్టలేదు.

ప్రాస కుదరకపోతే పాదం కొట్టెయ్యి, మనిషిని మార్చకు. ఈ ఒక్కటీ వినకపోతే మాత్రం ఊరుకోను. నూరు పద్యాలూ ఈ ఏడాదే కావాలని టెన్షన్ పడకు. రాత్రుళ్ళు మేలుకుని కళ్ళు పాడుచేసుకోకు తల్లీ.

మొదటి పద్యం అవగానే ఫోన్ చేసి చదువు. గణాలు నేను లెక్కపెట్టను. మీ పెద్దత్తని కూడా లైన్‌లోకి తీసుకుంటాను.

నీ
పెదనాన్న