కారు సందేహాలు: మారుతి 800 ముందు పానెల్ ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: 2004 మోడల్ మారుతి 800. కాకినాడలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. ముందున్న ఆటోకు కారు తగిలి రేడియేటర్‌ను పట్టుకునే ముందు పానెల్ (రేడియేటర్ సపోర్ట్ పానెల్) లోపలికి వంగింది. కింది అంచు ముందే తుప్పు తినేసింది. టింకర్ దాన్ని లాగి, ముక్క అతికి ఇస్తానంటున్నాడు. నా దగ్గర సీఓటూ వెల్డింగ్ మిషన్ ఉంది, వెల్డింగ్ వచ్చు. కొత్త పానెల్ తెచ్చి నేనే వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు, కానీ దెబ్బ ఆ పానెల్‌తోనే ఆగిందని ముందు రుజువు కావాలి. 800కి విడిగా ఛాసిస్ లేదు. రేకులన్నీ కలిసి మడిచిన పెట్టెలాంటి బాడీయే బరువంతా మోస్తుంది. ముందు పానెల్ రెండు పక్కల ఏప్రాన్లనూ (ఇంజన్‌కు, ముందు చక్రానికి మధ్య ఉండే రేకులు), వాటి కింద పొడవుగా వెళ్ళే సైడ్ మెంబర్లనూ కలిపి పట్టుకుంటుంది. బంపరు తీసేసి, సైడ్ మెంబర్ల మీది మట్టి కడిగి, పక్కనుంచి లైటు వేసి చూడండి. రేకు ముడతపడినా, పెయింటు పెచ్చులుగా లేచినా, అతుకుల దగ్గర సీలర్ చీలినా దెబ్బ లోపలికి పోయినట్టే. డోరు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉన్నా అదే అర్థం. అప్పుడు బండిని గొలుసులతో లాగి కొలతకు తెచ్చే బెంచి ఉన్న వర్క్‌షాపుకే తీసుకెళ్ళాలి. ఇంట్లో చెయ్యదగ్గ పని కాదు.

తుప్పు పట్టిన అంచుకు ముక్క అతకడం మాత్రం వద్దు. పైకి రంధ్రం కనిపించేసరికి చుట్టూ అరచేతి మేర రేకు పల్చబడిపోయి ఉంటుంది. దాని మీద వేసిన వెల్డు పక్కనే చిల్లు పడుతుంది. పానెల్ మొత్తం మార్చాలన్న మీ ఆలోచనే సరైనది.

పాత రేకు కోయకముందే కొలతలు తీసి పెట్టుకోండి. ఈ పనిలో ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఇక్కడే. ఎడమ స్ట్రట్ (ముందు చక్రం షాకబ్జార్బర్) పైబోల్టు నుంచి కుడి ఫెండర్ ముందు బోల్టు రంధ్రం వరకు, మళ్ళీ కుడి నుంచి ఎడమకు ఐమూలగా కొలవండి. రెండు సైడ్ మెంబర్ల ముందు కొసల మధ్య దూరం, పానెల్ పైఅంచు ఎత్తు రెండు వైపులా రాసుకోండి. టేపు ఇంజన్ మీదుగా వంగుతుంది. అల్యూమినియం పైపుకు రెండు సూదికొసల రాడ్లు బిగించుకుంటే నమ్మకమైన కొలత వస్తుంది. వంగిన వైపు కొలత ఎటూ తప్పే కాబట్టి, దెబ్బ తినని మరో 800 దగ్గర అవే కొలతలు తీసి పోల్చండి.

బండిని చదునైన గచ్చు మీద, సిల్ (డోర్ల కింద పొడవునా ఉండే భాగం) అంచుల కింద నాలుగు స్టాండ్లతో నిలపండి. ఒట్టి జాకీ మీద నిలిపి కింద దూరొద్దు. ఇంజన్ మౌంటింగ్ ఏదైనా తీయబోయే రేకుకు పట్టి ఉంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు కింద చెక్క, దాని కింద జాకీ పెట్టండి. బ్యాటరీ తీసేయండి. మీది ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు నడిపే పెట్రోలు ఇంజెక్షన్) కాబట్టి ఆ కంప్యూటర్, అంటే ఈసీయూ, కనెక్టరు, ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పండి. ఏసీ ఉంటే గ్యాసును ఏసీ మెకానిక్ మిషన్‌లోకి ఎక్కించాకే కండెన్సర్ తీయాలి, విప్పిన పైపుల మూతులు వెంటనే మూసేయాలి. తేమ లోపలికి పోతే తర్వాత కంప్రెసరే పోతుంది.

పానెల్‌ను పట్టుకున్నవి స్పాట్ వెల్డులు, అంటే రెండు రేకులను బొట్లు బొట్లుగా అతికిన అతుకులు. వైరు బ్రష్‌తో పెయింటు గీకితే గుండ్రని గుంటల్లా బయటపడతాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకోండి. మధ్యలో పంచ్ కొట్టి, 8 మి.మీ. స్పాట్ వెల్డ్ కట్టర్‌తో, నెమ్మదైన వేగంతో, పారేయబోయే పై రేకు వరకే కొయ్యాలి. కింది రేకు బండిది, దానికి చిల్లు పడకూడదు. రాకపోతే పల్చటి ఉలితో నెమ్మదిగా విడదీయండి. మొరటుగా కొడితే ఏప్రాన్ అంచు వంకర్లు పోతుంది, ఆ అంచు మీదే కొత్త పానెల్ కూర్చోవాలి.

కొత్త పానెల్ కొనేటప్పుడు వెర్నియర్ పట్టుకెళ్ళండి. నకిలీ వాటిలో రేకు పల్చన, రంధ్రాలు పక్కకు. పాతదాని తుప్పు పట్టని చోట మందం కొలిచి పోల్చండి.

వెల్డింగ్‌కు ముందు మొత్తం బిగించి చూడాలి. వైస్ గ్రిప్‌లతో, నాలుగైదు స్క్రూలతో పానెల్ నిలిపి బానెట్, రెండు ఫెండర్లు, హెడ్‌లైట్లు, గ్రిల్ అన్నీ పెట్టండి. ఐమూల కొలతలు రెండూ 3 మి.మీ. లోపు తేడాతో కలవాలి. బానెట్ సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి, లాక్ బలవంతం లేకుండా పడాలి. ఒక పూట దీనికే పోయినా ఫరవాలేదు. ఇప్పుడు కుదరనిది వెల్డు పడ్డాక అసలే కుదరదు.

ఆ తర్వాత కొత్త పానెల్ అంచుకు, పాత స్పాట్లు ఉన్న చోట్లకు సరిగా 8 మి.మీ. రంధ్రాలు కొట్టండి, వెల్డు నింపేది వీటిలోనే. ఫ్యాక్టరీ వేసిన లెక్కకు ఒకటి రెండు ఎక్కువైనా మంచిదే, తక్కువ మాత్రం కాకూడదు. రంధ్రం చుట్టూ, దాని కింది రేకు మీద లోహం మెరిసేలా గీకండి. రెండు రేకులు ఆనుకునే ముఖాలకు వెల్డింగ్‌ను తట్టుకునే జింక్ ప్రైమర్ కొట్టండి. 0.8 మి.మీ. తీగ, ఆర్గాన్ కలిపిన గ్యాస్ అయితే చిమ్మడం తగ్గుతుంది. ముందు అదే మందం పాత ముక్కల మీద వేసి, ఉలితో చీల్చి చూడండి. వెల్డు బొట్టు కింది రేకును చింపుకుని రావాలి. శుభ్రంగా ఊడివస్తే అది పైపైన అంటుకున్నదే, కరెంటు పెంచాలి. టార్చిని రంధ్రం మధ్యలో కింది రేకు మీద మొదలుపెట్టి గుండ్రంగా అంచులకు తేవాలి. పక్కపక్కనే వేయకుండా ఎడమ కొస, కుడి కొస, మధ్య అని మారుస్తూ పోవాలి. నీళ్ళు పోసి చల్లార్చొద్దు. ఎర్త్ క్లిప్పును వెల్డు పక్కనే పెట్టండి. అది ఇంకెక్కడో ఉంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. ఏప్రాన్ వెనక బ్రేక్ పైపులు, వైర్ల కట్ట, మండే అండర్‌కోటు ఉంటాయి. వాటిని తప్పించి, ఒక మనిషిని నిప్పార్పే సిలిండర్‌తో పక్కన నిలబెట్టండి.

ప్రశ్న: టింకర్లు గ్యాస్ వెల్డింగే గట్టిదంటారు. పల్చటి రేకు కదా, ఏదైనా ఒకటేనా?

జవాబు: ఒకటి కాదు. గ్యాస్ మంట చాలా మేర రేకును ఎర్రగా కాలుస్తుంది. రేకు మెలితిరుగుతుంది, అక్కడ బలం తగ్గుతుంది, వెనకవైపు పూత కాలిపోతుంది. మీకు కనిపించని ఆ వెనకవైపు నుంచే, అందులోనూ ఉప్పుగాలి తగిలే ఊళ్ళో, తుప్పు మళ్ళీ మొదలవుతుంది. ఇత్తడి అతుకు బరువు మోసే చోట అసలు పనికిరాదు. 'గట్టిగా ఉంటుంద'ని పానెల్ వెనక ఇనుప యాంగిల్ వేయించుకునేవాళ్ళకూ ఒక మాట. ముందు భాగం నలగడానికే చేసింది. నలగకపోతే ఆ దెబ్బ నేరుగా క్యాబిన్‌లోకి వస్తుంది.

ప్రశ్న: ఏడాది క్రితం ముందు పానెల్ మార్పించాక నా 800 ఎడమకు లాగుతోంది. మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించినా అంతే.

జవాబు: 800లో ముందు అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బారే, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌ను ముందువెనకలకు కదలకుండా పట్టుకుంటుంది. ఆ బార్ బ్రాకెట్లు బాడీ ముందు భాగానికి బిగించి ఉంటాయి. ఆ చోటు ఒక పక్క కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి పోయినా ఆ వైపు చక్రం వెనక్కి జరుగుతుంది, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందువెనకలకు వాలిన కోణం) మారుతుంది. మామూలు అలైన్‌మెంట్‌లో సర్దగలిగేది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే, అందుకే ఎన్నిసార్లు చేయించినా ఫలితం లేదు. ముందు రెండు టైర్లను అటూ ఇటూ మార్చి, గాలి సమం చేసి చూడండి. అప్పుడూ లాగితే ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దూరాన్ని ఎడమ, కుడి రెండు వైపులా కొలవండి. తేడా వస్తే బార్ బుష్‌లు, బ్రాకెట్ చోటు చూపించండి.

ప్రశ్న: వెల్డింగ్ అయ్యాక తుప్పు రాకుండా ఏం పూయాలి?

జవాబు: వెల్డు బొడిపెలను రేకు మట్టానికే గ్రైండ్ చేయండి, రేకు అరగకూడదు. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. అది ఆరాక అతుకులన్నిటికీ సీలర్, దాని మీద పెయింటు. ఒట్టి రేకు మీద సీలర్ పూస్తే దాని కిందే తుప్పు పాకుతుంది. చివరగా పెట్టెలా మూసుకున్న భాగాల్లోకి సన్నని గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. కింది అంచున నీళ్ళు కారే రంధ్రాలు సీలర్‌తో పూడుకున్నాయేమో పుల్లతో పొడిచి చూడండి. మొదటి ప్రశ్న అడిగినవారి పాత పానెల్ కింది అంచు పోయింది కూడా బహుశా అక్కడ నిలిచిన నీళ్ళ వల్లే.