ఫ్రెండ్ బండి కొండదారిలో పాడైతే ఖర్చు ఎవరిది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లంబసింగి దగ్గర మట్టిదారిలో ఫ్రెండ్ బండి మీరు నడుపుతుంటే రాయి తగిలి కింద ఛాంబర్ (ఇంజిన్ ఆయిల్ ఉండే గిన్నె) పగిలింది. ఆయిల్ లైటు వెలిగింది. "చింతపల్లి దాకా మెల్లగా పోనీ" అన్నది బండి ఓనరే. 4 కిలోమీటర్లు వెళ్ళేసరికి ఇంజిన్ సీజ్ అయింది, అంటే బిగుసుకుపోయింది. ఇప్పుడు మొత్తం బిల్లు మిమ్మల్నే కట్టమంటున్నాడు. నా లెక్కలో ఛాంబర్ మీది. ఇంజిన్ మొత్తం మీ నెత్తిన వేయడం న్యాయం కాదు.

నేను లాయరుని కాను. జేబు కాలింది కాబట్టి చెప్తున్నాను.

మూడేళ్ళ కిందట సెప్టెంబర్‌లో నలుగురం విశాఖలో మద్దిలపాలెం నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. బండి మావాడి (నా ఫ్రెండ్) డీజిల్ థార్ జీపు. ఎస్.కోటలో టీ తాగి ఘాట్ ఎక్కాం. అనంతగిరి దాటాక స్టీరింగ్ నేనే అడిగి తీసుకున్నాను. మెయిన్ రోడ్డు వదిలి లోపలికి పోతే గెడ్డ (వాగు) అడ్డొచ్చింది. ముందురోజు వాన పడడంతో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, అడుగు కనపడట్లేదు. దిగి కర్ర పెట్టి లోతు చూద్దామని వెనక సీట్లోవాడు అన్నాడు. మావాడేమో "ఏటవ్వదురా, పోనీ" అన్నాడు. ఆ బండి 650 మిల్లీమీటర్ల నీళ్ళలో పోతుందని కంపెనీ చెప్పిన అంకె మా అందరికీ నోటికొచ్చు. నిదానంగా పోతేనే ఆ అంకె పనికొస్తుందని మాత్రం ఎవరికీ గుర్తులేదు. నేను ఊపుగా దించాను. నీళ్ళు బోనెట్ మీదకి లేచాయి, బండి నడిమధ్యలో ఆగిపోయింది.

అక్కడిదాకా తప్పు నాది. తర్వాత మావాడు కంగారులో నన్ను పక్కకి జరిపి, తనే కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారి లోపల టక్కుమంది. నీళ్ళు గాలిలా అణగవు. సిలిండర్లో నీళ్ళుండగా ఇంజిన్ తిప్పితే పిస్టన్‌కి దారి లేక దాన్ని ఆడించే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆగిన బండిని ఆగినట్టే లాగించి ఉంటే, లోపలి నీళ్ళు తీసేసి ఫిల్టరూ ఆయిలూ మార్చుకుని బయటపడేవాళ్ళమని ఆటోనగర్ షెడ్డులో మేస్త్రీ అన్నాడు. ఆయన ఆ మాట మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ అన్నాడు.

బిల్లు రూ.1,64,000. ఇన్సూరెన్స్ సర్వేయర్ అడిగిన మొదటి ప్రశ్నే "ఆగాక స్టార్ట్ చేశారా?" అని. ఇంజిన్ నష్టానికి విడిగా తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ మాకు లేదు, కాబట్టి ఆ భాగం రాలేదు. మీకూ ఇదే వర్తిస్తుంది. రాయి తగిలి ఛాంబర్ పగలడం ప్రమాదం, దానికి మామూలు ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టానికి) పాలసీ డబ్బిస్తుంది. ఆయిల్ లేదని తెలిసీ నడిపితే పోయిన ఇంజిన్‌ని వాళ్ళు వేరే నష్టంగా చూస్తారు, యాడ్ ఆన్ లేకపోతే సాధారణంగా ఇవ్వరు. లైసెన్సు ఉండి, మందు తాగకుండా ఉంటే, ఓనరు ఒప్పుకుని ఇచ్చిన బండిని ఎవరు నడిపినా ఫర్వాలేదు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే మాత్రం సొంత బండికి పైసా రాదు.

ఛాంబర్‌కి క్లెయిమ్ వస్తే మీరు తప్పించుకున్నట్టు అనుకోకండి. 1500 సీసీ దాటిన కారుకి క్లెయిమ్‌లో తప్పనిసరి కోత, అంటే మన జేబులోంచి పెట్టాల్సింది, రూ.2,000 ఉంటుంది. దానికంటే పెద్దది నో క్లెయిమ్ బోనస్. ఐదేళ్ళు క్లెయిమ్ చేయనివాడికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు ఉంటుంది, ఒక్క క్లెయిమ్‌తో అది పోతుంది. చిన్న బిల్లయితే క్లెయిమ్ వద్దని చెప్పి చేతి డబ్బు పెట్టేయడమే మేలు. పెద్దదైతే ఓనరు పోగొట్టుకున్న బోనస్ కూడా మీ లెక్కలో వేసుకోండి.

ఇక మా పంచాయితీ. ఆర్సీ మావాడి నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, లెక్క అంటే లెక్కే. అంతా విని "గెడ్డలో దించినోడు ఒకడు, సెల్ఫ్ కొట్టినోడు ఒకడు, తాళం ఇచ్చిన తెలివితక్కువోణ్ణి నేను. మూడు వాటాలు వేయండి" అన్నారు. నా వంతు దాదాపు రూ.54,700, మూడు నెలల్లో ఇచ్చాను. గెడ్డలోంచి లాగిన ట్రాక్టరుకీ, విశాఖ దాకా టోయింగుకీ అయింది నలుగురం పంచుకున్నాం. కర్ర పెట్టి చూద్దామన్నవాడు ఇప్పటికీ ఆ వాటా గురించి గొణుగుతూనే ఉంటాడు. వాడి గొణుగుడులో న్యాయం ఉంది.

చట్టం సంగతి కొంచెం. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 151, 152 సెక్షన్ల ప్రకారం, ఇంకొకరి వస్తువు మన చేతికొస్తే మన సొంత వస్తువుని మామూలు మనిషి చూసుకునేంత జాగ్రత్తగా చూసుకోవాలి. అంత జాగ్రత్త పడ్డాక కూడా పాడైతే, వేరే ఒప్పందం లేనంతవరకు బాధ్యత ఉండదు. అయితే మీ ఫ్రెండ్ బండిలోనే కూర్చుని ఉన్నాడు. పోనీ అన్నవాడు తర్వాత మొత్తం మీదే అని గట్టిగా అడగలేడని నా అభిప్రాయం. అలాగని ఆయిల్ లైటు చూస్తూ నడిపింది మీ కాలే కదా, అదీ మర్చిపోకండి.

రేపు షెడ్డుకి వెళ్ళి ఛాంబర్‌కి ఒకటి, ఇంజిన్‌కి ఒకటి, రెండు ఎస్టిమేట్లు విడివిడిగా రాయించండి. మొదటి కాగితం మీ జేబులో పెట్టుకుని, రెండోది మీ ఫ్రెండ్ ముందు పెట్టి సగంతో మాట మొదలుపెట్టండి. వాట్సాప్‌లో మాత్రం వద్దు, ఎదురుగా కూర్చోండి. మేము మొదటి వారం వాట్సాప్‌లోనే తిట్టుకున్నాం, ఆ మెసేజ్‌లు చదివితే ఇప్పటికీ సిగ్గేస్తుంది.