ఫారానికి సీఎస్‌ఎస్ రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

పేజీ అంతా నీ సీఎస్‌ఎస్ (పేజీ ముస్తాబు చెప్పే కోడ్) చెప్పినట్టు వింటోంది, ఫారం దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ మాట వినడం లేదని రాశావు. ఫారంలోని గడులకు, బటన్లకు, డ్రాప్‌డౌన్లకు బ్రౌజర్ తన సొంత ముస్తాబు వేస్తుంది. అందుకే ఈ తంటా. ఆ ముస్తాబంతా పీకేసి మొదటినుంచీ నువ్వే కట్టాలనుకోకు. దానితోపాటు కీబోర్డుతో, ఫోనుతో వాడేవాళ్లకు బ్రౌజర్ ఇచ్చిన సౌకర్యాలూ పోతాయి. ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో చెబుతాను.

సీఎస్‌ఎస్ కంటే ముందు హెచ్‌టీఎంఎల్, అంటే పేజీని కట్టే కోడ్, సరిచూసుకో. ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. లేబుల్‌లో 'ఫర్'కు ఇచ్చిన విలువ, గడి 'ఐడీ' ఒకటే కావాలి. అప్పుడు లేబుల్ మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళ్తుంది. చెక్‌బాక్సు చిన్నదైనా వేలికి అందుతుంది. లేబుల్ తీసేసి ఆ పని ప్లేస్‌హోల్డర్‌కు, అంటే ఖాళీ గడిలో లేతగా కనిపించే సూచనకు, అప్పగించకు. ఒక్క అక్షరం కొట్టగానే అది మాయమైపోతుంది, ఆ గడిలో ఏం రాయమన్నారో మళ్లీ చూసుకునే దారి ఉండదు.

స్టైల్‌షీట్‌లో మొదట ఇన్‌పుట్, సెలెక్ట్, టెక్స్ట్ఏరియా, బటన్ నాలుగింటికీ కలిపి 'ఫాంట్: ఇన్హెరిట్' రాయి. ఇవి పేజీ ఫాంటును వాటంతట అవి తీసుకోవు. చాలా బ్రౌజర్లలో సుమారు 13 పిక్సెళ్ల చిన్న అక్షరాలతో ఉండిపోతాయి. గడిలో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గకుండా చూడు. తగ్గితే ఐఫోన్‌లో గడిని తాకగానే పేజీ జూమ్ అయి పక్కకు జరుగుతుంది. ఇది ఆపడానికి వ్యూపోర్ట్ ట్యాగ్‌లో (ఫోన్‌లో పేజీ కొలత చెప్పే వరుసలో) జూమ్‌నే బంద్ చేయమనే సలహా నీకు కనిపిస్తుంది, దాన్ని పాటించకు. చూపు తక్కువైనవాళ్లకు ఆ జూమే ఆధారం.

తర్వాత 'బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్'. ప్యాడింగ్ (అక్షరానికీ అంచుకూ మధ్య ఖాళీ), అంచు కూడా వెడల్పులోనే కలిపి లెక్కించమని దీని అర్థం. అది లేకుండా గడికి 100 శాతం వెడల్పు, రెండు పక్కలా 12 పిక్సెళ్ల ప్యాడింగ్, 1 పిక్సెల్ అంచు ఇచ్చావనుకో, మొత్తం మీద 26 పిక్సెళ్లు బయటికి పొడుచుకొస్తుంది. ఫోన్‌లో పేజీ పక్కకు కదులుతోందంటే ముందు ఇక్కడే వెతుకు.

గడికి 'హైట్' ఇవ్వకు. నిలువుగా 0.6 ఈఎమ్, అడ్డంగా 0.75 ఈఎమ్ (ఒక ఈఎమ్ అంటే ఆ గడి అక్షరం కొలత) ప్యాడింగ్, 1.6 లైన్-హైట్ ఇస్తే ఎత్తు దానంతటదే కుదురుతుంది. తెలుగు రాసే గడుల్లో ఇది మరీ ముఖ్యం. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరం బిగించిన ఎత్తులో పడితే వత్తు సగానికి తెగిపోతుంది. టెక్స్ట్ఏరియాకు 'రీసైజ్: వర్టికల్' చాలు, సాగదీసే వీలు పూర్తిగా తీసేయకు. దాని అడుగున అక్కర్లేని సందు కనిపిస్తే 'వర్టికల్-అలైన్: టాప్' పెట్టు.

అంచు రంగు విషయంలో కొంచెం మొండిగా ఉండు. లేత బూడిద గీతలు డిజైన్ బొమ్మలో ముచ్చటగా కనిపిస్తాయి. ఎండలో ఫోన్ పట్టుకున్నవాడికి అసలు గడే కనబడదు. వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం గడి అంచుకు, వెనకున్న రంగుకు కాంట్రాస్ట్ కనీసం 3:1, మామూలు అక్షరాలకు 4.5:1 ఉండాలి. తెలుపు మీద 'సీసీసీ' అనే రంగు కోడ్ ఉన్న బూడిదకు దాదాపు 1.6 మాత్రమే వస్తుంది. 767676 కోడ్ వాడితే 4.5 దాటుతుంది. ప్లేస్‌హోల్డర్ అక్షరాలకూ ఇదే లెక్క. ఫైర్‌ఫాక్స్ వాటిని పలచన చేసి చూపిస్తుంది కాబట్టి అక్కడ 'ఒపాసిటీ: 1' కూడా రాయి.

అవుట్‌లైన్ అంటే ఇప్పుడున్న గడి చుట్టూ బ్రౌజర్ గీసే గీత. 'అవుట్‌లైన్: నన్' అని రాసి వదిలేయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ట్యాబ్ నొక్కుతూ ఫారం నింపేవాళ్లకు తాము ఏ గడిలో ఉన్నారో తెలిపే గుర్తు అదొక్కటే. నచ్చకపోతే మార్చు, తీసేయకు. కీబోర్డుతో గడిలోకి వచ్చినప్పుడు పనిచేసే 'ఫోకస్-విజిబుల్' కింద 2 పిక్సెళ్ల ముదురు గీత, 2 పిక్సెళ్ల అవుట్‌లైన్-ఆఫ్‌సెట్ (గడికీ గీతకూ మధ్య ఎడం) పెట్టు. గీతకు బదులు బాక్స్-షాడో (గడి చుట్టూ నీడ) చాలనుకుంటారు చాలామంది. విండోస్‌లో హై కాంట్రాస్ట్ పెట్టుకున్నప్పుడు బ్రౌజర్ షాడోలన్నీ తీసేస్తుంది, అవుట్‌లైన్‌ను మాత్రం ఉంచుతుంది. షాడో కావాలంటే అవుట్‌లైన్‌తోపాటు పెట్టుకో.

చెక్‌బాక్సులు, రేడియో బటన్ల కోసం బొమ్మలు గీయక్కర్లేదు. 'యాక్సెంట్-కలర్' ఒక్క వరుసతో నీ రంగు వస్తుంది. డ్రాప్‌డౌన్ బాణం మార్చాలంటే 'అప్పియరెన్స్: నన్' పెట్టి, బాణాన్ని బ్యాక్‌గ్రౌండ్ బొమ్మగా ఇచ్చి, కుడివైపు ప్యాడింగ్ పెంచు. లేకపోతే పొడుగాటి పేర్లు బాణం మీదికి ఎక్కుతాయి. కొన్ని గడులను ఒక గుంపుగా కట్టే ఫీల్డ్‌సెట్ చిన్న తెరలో కుదించుకోకపోతే దానికి 'మిన్-విడ్త్: 0' ఇవ్వు. లోపలి సరుకు కంటే సన్నగా అవ్వకూడదని బ్రౌజర్ దానికి ముందే నియమం పెట్టి ఉంచుతుంది.

ఇక తప్పులు చూపించడం. సెలెక్టర్ అంటే ముస్తాబు వేటికి వర్తించాలో చెప్పే మాట. తప్పు గడులను ఎంచే 'ఇన్‌వ్యాలిడ్' సెలెక్టర్‌కు ఎరుపు పెడితే పేజీ తెరవగానే, ఇంకా ఏమీ నింపకముందే, తప్పనిసరి గడులన్నీ ఎర్రబారతాయి. వచ్చినవాళ్లను గుమ్మంలోనే కసిరినట్టుంటుంది. 'యూజర్-ఇన్‌వ్యాలిడ్' వాడు, గడి నింపి బయటికి వచ్చాకే పనిచేస్తుంది. 2023 చివరి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. పాత బ్రౌజర్ల కోసం ఇంకో సెలెక్టర్ రాయాల్సివస్తే దాన్ని వేరే నియమంగా రాయి. రెంటినీ కామాతో కలిపితే, తెలియని సెలెక్టర్ ఒకటుందని పాత బ్రౌజర్ మొత్తం నియమాన్నే పారేస్తుంది. రంగు ఒక్కటే సరిపోదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లుంటారు. గడి కిందే 'పిన్‌లో 6 అంకెలు ఉండాలి' అన్నంత స్పష్టంగా ఒక వాక్యం పెట్టి, హెచ్‌టీఎంఎల్‌లో 'ఆరియా-డిస్క్రైబ్డ్‌బై'తో దాన్ని గడికి ముడివెయ్యి.

పూర్తయ్యాక మౌస్ ముట్టకుండా ట్యాబ్‌తో చివరిదాకా వెళ్లి చూడు. 320 పిక్సెళ్ల వెడల్పులో చూడు. బ్రౌజర్ దాచుకున్న చిరునామాతో ఒకసారి నింపి చూడు. క్రోమ్ నింపిన గడులకు లేత నీలమో పసుపో పులిమేస్తుంది, మామూలు బ్యాక్‌గ్రౌండ్-కలర్‌తో అది పోదు. ముదురు థీమ్‌లో అది కళ్లకు కొడుతుంటే 'వెబ్‌కిట్-ఆటోఫిల్' కింద లోపలివైపు 1000 పిక్సెళ్ల బాక్స్-షాడో నీ రంగులో పరిచి, అక్షరాల రంగును 'వెబ్‌కిట్-టెక్స్ట్-ఫిల్-కలర్'తో ఇవ్వు.

ఆశీస్సులతో,
మామయ్య