డాకింగ్ స్కోర్ బాగుంటే ఇన్‌హిబిటర్ దొరికినట్టేనా?

టీబీ బ్యాక్టీరియాలోని ఇన్‌హెచ్‌ఏ ఎంజైమ్‌కి డాకింగ్ చేస్తే, అంటే అణువు ఎంజైమ్ గుంతలో (పాకెట్‌లో) ఎలా అమరుతుందో కంప్యూటర్‌లో అంచనా కడితే, ఒక కాంపౌండ్‌కి మైనస్ 11 స్కోర్ (ఎంత మైనస్ అయితే అంత మంచిది) వచ్చిందన్నారు, దాన్ని ఇన్‌హిబిటర్ (ఎంజైమ్ పనిని ఆపే అణువు) అని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. ఇప్పుడే రాయకండి. నేను నాలుగేళ్లు ఇదే ఎంజైమ్ మీద పని చేశాను.

నాకూ ఇలాగే మంచి స్కోర్ వచ్చింది. ఎంజైమ్ క్రిస్టల్స్‌ని ఆ కాంపౌండ్‌లో నానబెట్టి, ఎక్స్‌రే డేటా తీసి, కూట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాప్ తెరిస్తే పాకెట్‌లో ఆకుపచ్చగా ఒక ముద్ద కనిపించింది, అంటే అక్కడ ఏదో అణువు ఉందన్న గుర్తు. సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మా గైడ్ చూసి, "రెండో రింగ్‌కి డెన్సిటీ ఏదమ్మా?" అన్నారు. నిజంగానే లేదు. మోడల్‌లోంచి కాంపౌండ్ తీసేసి, దాన్ని డేటాకి మళ్లీ సరిపోల్చి (రిఫైన్ చేసి) చూస్తే తేలింది, అది క్రిస్టల్‌ని లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచే ముందు నేను కలిపిన గ్లిసరాల్.

డాకింగ్‌కి వాడిన మీ ప్రొటీన్ ఫైల్‌లో ముందు ఒకటి చూసుకోండి: నీటి అణువులతో పాటు ఎన్‌ఏడీని (ఈ ఎంజైమ్ పని చేయడానికి కావలసిన సహాయక అణువుని) కూడా తీసేశారా? చాలామంది తీసేస్తారు. ఇన్‌హెచ్‌ఏని ఆపుతుందని తెలిసిన ట్రైక్లోసాన్ అనే అణువు ఈ ఎంజైమ్‌లో సగం ఆనుకునేదే ఎన్‌ఏడీ మీద. మిగతా పట్టు ఎంజైమ్‌లో 158వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లానిది. ఎన్‌ఏడీ లేని పాకెట్‌లో వచ్చిన స్కోర్‌ని నమ్మలేం. పైగా పొడవాటి కొవ్వు గొలుసులు పట్టే పాకెట్ కాబట్టి, జిడ్డుగా పొడుగ్గా ఉన్న ఏ అణువుకైనా స్కోర్ బాగానే వస్తుంది. పాకెట్ అంచున ఉన్న లూప్ (ప్రొటీన్ గొలుసులో వంపు తిరిగిన ముక్క) కూడా కదులుతుంది. ట్రైక్లోసాన్ ఉన్నప్పుడు ఆ లూప్ మ్యాప్‌లో సరిగా కనిపించదు. ట్రైక్లోసాన్‌ని మార్చి చేసిన పీటీ70 అనే అణువు ఉంటే లూప్ మూసుకుని కుదురుకుంటుంది, అణువు దాదాపు 24 నిమిషాలు ఎంజైమ్‌ని వదలదు. కదలని ప్రొటీన్ మీద చేసే డాకింగ్‌కి ఇదంతా తెలియదు.

తర్వాత ఎంజైమ్ అస్సే (ఎంజైమ్ ఎంత పని చేస్తోందో కొలిచే పరీక్ష) చేయించండి. 340 నానోమీటర్ల కాంతి దగ్గర, ఎంజైమ్ వాడుకునే ఎన్‌ఏడీహెచ్ (ఎన్‌ఏడీకి మరో రూపం) తగ్గుదల చూస్తే చాలు. అదే అస్సే 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ కలిపి ఇంకోసారి చేయండి. అప్పుడు ఇన్‌హిబిషన్ మాయమైతే, మీ కాంపౌండ్ పాకెట్‌లో కూర్చోలేదు, ఉండకట్టి ఎంజైమ్‌ని అంటించుకుంటోందని అనుమానించాలి. అది దాటినా బ్యాక్టీరియా మైనపు గోడ ఉంది. నా కాంపౌండ్లలో రెండు అక్కడే ఆగిపోయాయి.

అయినా వదలకండి. 1952 నుంచి వాడుతున్న టీబీ మందు ఐసోనియాజిడ్ చివరికి తగిలేది ఈ ఎంజైమ్‌కే, కానీ ముందు క్యాట్‌జీ అనే ఇంకో ఎంజైమ్ దాన్ని మందుగా మార్చాలి. ఐసోనియాజిడ్‌కి లొంగని టీబీలో ఎక్కువగా పాడయ్యేది ఆ క్యాట్‌జీయే. నేరుగా ఇన్‌హెచ్‌ఏని పట్టే అణువుకి దాని అవసరమే లేదు.

ఏ పీడీబీ ఫైల్ (ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్‌లోని ఫైల్) వాడారో కామెంట్‌లో పెట్టండి, ఎన్‌ఏడీ ఉందో లేదో నేనూ చూస్తాను.